మూత పెట్టిన గ్లాసు

చిన్నోడా, అక్క ఆశీస్సులు. నేను బాగానే ఉన్నాను, మీ అన్నయ్యే బాగాలేడు.

ఇక మందులు అక్కర్లేదని డాక్టరు ఇంటికి పంపేశాడు. ఆదివారం నేను ప్రార్థన ముగించి లేస్తుంటే, ఓడ ఉద్యోగంలో కలుపుకు తాగిన రమ్ము అడిగాడు. నేను సీసా ముట్టుకోవడం అదే మొదలు. వాసనకే కళ్లు మండాయి. వాడు చెప్పినట్టే రెండు వంతులు రమ్ము, ఒక వంతు నిమ్మరసం, చెంచాడు పంచదార, కాసిని వేణ్ణీళ్లు. నిమ్మరసం కదా అని, అలవాటు కొద్దీ చిటికెడు ఉప్పు కూడా వేశాను. పెదవులు తడపగానే, "సముద్రమంతా ఇందులోనే పోసేశావు కదక్కా!" అని నవ్వాడు. నెల తర్వాత విన్న నవ్వు.

తర్వాత ఇంకో గ్లాసు కలిపించి, పళ్లెం మూత పెట్టించాడు. ఓడలో కాపలా మీదున్నవాడి వాటా అలా దాచిపెడతారట. "ఎవరికిరా?" అన్నాను. "చిన్నోడికి. వాడు కాపలాలో ఉన్నాడు, దిగగానే వస్తాడు" అన్నాడు. ఆరేళ్లుగా మీ ఇద్దరికీ మాటల్లేని సంగతి ఎత్తనే లేదు.

రోజూ పొద్దున్నే పాతది పారబోసి కొత్తది కలిపి పెడుతున్నాను. ఇప్పుడు వాడికి నీళ్లు కూడా గొంతు దిగడం లేదు. కళ్లు తెరిస్తే ఆ గ్లాసు వైపే చూస్తాడు.

మరదలి మోకాలి నొప్పి తగ్గిందా? అన్నయ్య ఉన్ని దుప్పటి మీ బీరువాలో ఉంది, తీసుకురా. కార్డు అందిన రోజే బయలుదేరు. తాగుడంటే నీకు గిట్టదు, తెలుసు. తాగనక్కర్లేదు. వాడు చూస్తుండగా ఆ మూత తీస్తే చాలు.

దేవుడు మీ అందరినీ చల్లగా చూడాలి.

పెద్దక్క