గంట ముందుకు జరిపాను

క్యారీ, అమెరికా, మార్చి 11

పెద్దమ్మా, నేను కులాసా, బెంగ పెట్టుకోకు. సాయంత్రం వెలుగు ఎక్కువసేపు ఉండాలని ఆదివారం ఇక్కడ గడియారాలన్నీ గంట ముందుకు జరిపారు! మా ల్యాబ్‌లోని ముసలి కంప్యూటర్ మాత్రం ఏప్రిల్‌లో జరపాలన్న పాత రూలు పట్టుకుని అప్పటిదాకా కదలనంది. టైమ్ తప్పితే రీడింగ్స్ అన్నీ దండగే. ప్రొఫెసర్ దాన్ని పారేయమన్నారు. నేను ఆటోమేటిక్ మార్పు ఆపేసి, నా చేత్తోనే గంట ముందుకు పెట్టేశాను. పనిచేసింది!

“ఏడ నేర్చుకున్నవ్?” అన్నాడు మా సీనియర్ శ్రీహర్ష.

“మా పెద్దమ్మ దగ్గర. మేం బస్సు మిస్ కాకూడదని హాల్లో గడియారం పది నిమిషాలు ముందుకు పెట్టేది” అన్నాను.

చెల్లి పరీక్షలు ఎలా రాసింది? ఇక్కణ్ణుంచి ఊరొచ్చిన నళిని ఆంటీతో కందిపొడి పంపు. పెదనాన్నకి నమస్కారాలు. ఆ గడియారం సరిచేస్తానని ఆయన మళ్లీ కుర్చీ ఎక్కితే దింపెయ్. అమెరికా అంతా నీ దారికే వచ్చిందని చెప్పు!

నీ మనోజ్ఞ