చెవి దాకా లేచిన చెయ్యి

ప్రియమైన అక్కకు,

నీ చెల్లి సునీత వందనాలు. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. ఫోన్లో చెబితే అమ్మ స్పీకర్ పెట్టమంటుంది. అందుకే ఊరొస్తున్న విస్సన్నపేట ఆవిడ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నువ్వొక్కదానివే చదువు.

కువైట్‌లో ఎండలు మన తిరువూరు రోహిణి కార్తెని మరిపిస్తున్నాయి. తిండికి లోటు లేదు గానీ ఈ చప్పిడి కూరలు నాకు సయించవు. వచ్చేవాళ్ళుంటే మాగాయ పంపు.

అసలు సంగతి నా కుడి భుజం. పనిచేసే ఇంట్లో కర్టెన్లు దించీ, ఎక్కించీ, పై అరలు తుడిచీ పట్టేసింది. చెయ్యి తలపైకి ఎత్తితే ప్రాణం పోయినంత పనయ్యేది. ఒకరోజు గాజు పళ్ళెం జారి పగిలింది. "ఈద్‌కి చుట్టాలొచ్చే రోజున పై అరలో ఉన్న పెద్ద డేగిసా నువ్వే దించాలి. నీ వల్ల కాకపోతే వేరే మనిషిని తెచ్చుకుంటా" అంది మేడం.

ఇంట్లో ముసలమ్మగారికి వ్యాయామం చేయించడానికి కేరళ నుంచి వచ్చిన ఫిజియో అమ్మాయి వస్తుంది. నా చెయ్యి చూసి, "భుజం వెనక కండలు నీరసించాయి. అవి బలపడితే పైకెత్తినప్పుడు లోపల ఒరుసుకోదు" అని రబ్బరు పట్టీ ఇచ్చింది. దాన్ని తలుపు పిడికి కట్టి, మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, మెల్లగా బయటికి లాగాలి. గోడని అరచేతులతో నెట్టాలి. నొప్పి మొదలైన చోట ఆగాలి.

అలా మొదలుపెట్టానో లేదో, శుక్రవారం మన తెలుగువాళ్ళ ప్రార్థన కూడికలో, దాన్ని నడిపించే కరుణక్క నా భుజానికి నూనె రాసి ప్రార్థన చేసింది. "స్వస్థత కలిగిందమ్మా, చెయ్యెత్తు!" అంది. అందరూ నావైపే చూస్తున్నారు. ఏం చెయ్యను? పళ్ళు బిగబట్టి ఎత్తేశాను. స్తోత్రం, స్తోత్రం అని చప్పట్లు. ఆ ఊపులో తగ్గిపోయిందని సాక్ష్యం కూడా చెప్పేశాను. అమ్మకి ఫోన్లో చెప్పింది అదే.

ఇక పట్టీ ముట్టుకోలేదు. స్వస్థత పొందినదాన్ని మళ్ళీ వ్యాయామం చేస్తే విశ్వాసం లేనట్టే కదా అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! చివరికి తల దువ్వుకోడానికి కూడా చెయ్యి లేవలేదు. పండగేమో దగ్గరికొస్తోంది. బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చానక్కా. ఫిజియో అమ్మాయి తిట్టింది. "నిన్ను ప్రార్థన మానమన్నానా? పట్టీ ఎందుకు మానావు?" అంది. మళ్ళీ మొదలుపెట్టాను.

పండగ రోజు మేడం వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. డేగిసాని అర అంచు దాకా జరుపుకుని, మోచేతులు దగ్గరగా పెట్టుకుని, రెండు చేతులతో దించాను. నొప్పి లేదనను, కానీ వదిలెయ్యలేదు. "కడుగు" అంది, అంతే. ఆ ఒక్క మాటకి ఎంత సంతోషమేసిందో!

నిన్న కూడికలో మళ్ళీ లేచాను. "ఆ రోజు నాకు తగ్గలేదు. సిగ్గుపడి ఎత్తాను. ఇప్పుడు దేవుడి దయవల్ల, వ్యాయామం వల్ల కొంచెం కొంచెంగా లేస్తోంది" అని చెయ్యి చెవి దాకా ఎత్తి ఆపాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కరుణక్క ముఖం చూడలేకపోయాను.

అమ్మకి నెమ్మదిగా నువ్వే చెప్పు. నాకు తగ్గిపోయిందని ఇంట్లో కృతజ్ఞతా కూడిక ఇప్పుడే పెట్టించొద్దను. ప్రార్థన మాత్రం మానొద్దను. పెద్దవాళ్ళకి నా వందనాలు, పిల్లలకి ముద్దులు.

ఒకటి చెప్పడం మరిచాను. నిన్న బయట చెప్పులు వేసుకుంటుంటే కరుణక్క పక్కకొచ్చింది. ఆవిడ కూడా నాలాగే ఇళ్ళలో పనిచేసే మనిషి. తిడుతుందనుకున్నాను. అటూ ఇటూ చూసి, "ఆ పట్టీ ఎక్కడ దొరుకుద్దే? నా ఎడమ చెయ్యి ఏడాది నుంచి లేవట్లేదు" అంది.

మీ దీవెనలు కోరే
నీ చెల్లి
సునీత