సుద్దతో పెట్టిన ఇంటూ

అక్కా,

బావ మాట నమ్మి బెంబేలెత్తకు. ఆపరేషన్ కుడికాలికే అయింది. అరిగిపోయిన బొటనవేలి కీలు తీసేసి కొత్తది పెట్టారు. ఎముకలు అతికించేస్తే నొప్పి పోతుంది గానీ వేలు వంగదన్నారు. వంగని వేలితో కుట్టుమిషను తొక్కేదెలా? అందుకే కొత్త కీలన్నాను.

గొడవంతా నా అతితెలివి వల్లే. పొరపాటున మంచి కాలు కోసేస్తారేమోనని ఎడమ బొటనవేలి మీద సుద్దతో ఇంటూ పెట్టుకున్నాను. మన కొట్లో ఇంటూ ఉన్నచోట కత్తెర పెట్టం కదా! నర్సమ్మ వచ్చి ఆ వేలికే మందు పూయబోయింది.

"అది కాదమ్మా!" అని కేకేశాను.

"మార్కు మీరే పెట్టుకున్నారుగా బాబాయ్? మా దగ్గర మార్కున్నదే కోస్తారు."

బయటున్న బావ ఆ కేక విని, మంచి కాలు కోసేశారని నీకు ఫోన్ కొట్టేశాడు. డాక్టరుగారు కాగితాలు చూసి, పడీపడీ నవ్వి, సుద్ద తుడిపించి, కుడికాలి మీద తనే పెన్నుతో గీశారు.

ఆరు వారాలు మిషను తొక్కకూడదట. మేనకోడలి గౌను ఆలస్యమవుతుంది, తిట్టకు.

నిన్న డాక్టరుగారు నా వేలు వంచి చూసి, తన తెల్లకోటు మంచం మీద పెట్టారు. కోటు చేతులు పొడవయ్యాయట. మణికట్టు దగ్గర పెన్నుతో ఇంటూ ఉంది.

"కత్తిరించమనా, వద్దనా? నోటితో చెప్పండి సార్," అన్నాను.

కీలు తప్ప ఇంకేమీ మారని
నీ తమ్ముడు