బ్రిడ్జి ఎత్తకండి, మా ఇంట్లో డెలివరీ ఉంది

యోర్‌హుజెన్, ఫ్రీస్‌లాండ్
1985 జూలై 22

గౌరవనీయులైన బ్రిడ్జి అధికారిణి ఫ్రౌక్యే తల్స్మా గారికి,

నమస్కారాలు. నేనెవరో మీకు తెలియకపోవచ్చు గానీ నా కారు తెలిసే ఉంటుంది. ఆకుపచ్చ ఓపెల్. రోజూ పొద్దున్నే మీ గేటు ముందు ఎర్రదీపం కేసి చూస్తూ నిలబడేది అదే. మా ఊరు కాలవకి ఇటు, నేను పనిచేసే ఇన్సూరెన్సు ఆఫీసు అటు పట్నంలో. మధ్యలో మీరు.

నా ముందు కారు దాటేదాకా బ్రిడ్జి బుద్ధిగా పడుకునే ఉంటుంది. నేను రాగానే లేస్తుంది. ఆ తర్వాత పచ్చిక మీద, ఆవుల మధ్య నుంచి ఒక తెరచాప కొయ్య నింపాదిగా నడిచి వస్తుంది. కింద పడవలో చొక్కా లేని పెద్దమనిషి కాఫీ తాగుతూ నాకు చెయ్యి ఊపుతాడు. నేను ఊపను.

అయినా ఇన్నాళ్లూ ఓర్చుకున్నాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు. సెప్టెంబరు మొదట్లో మా ఇంట్లో డెలివరీ ఉంది. ఆ రోజు బ్రిడ్జి ఎత్తవద్దని మనవి. ఏ రోజన్నది ఇంకా తెలియదు. ముందుగా ఎవరూ చెప్పలేరట. అందుకని ఆ వారం మొత్తం ఎత్తకుండా ఉంటే మరీ మంచిది.

ఆగి మాట్లాడదామంటే వెనక కార్లవాళ్లు ఊరుకోరు. అందుకే ఈ ఉత్తరం.

మీ గేటు ముందు నిత్యం నిలబడే,
హిల్కె బోన్‌స్ట్రా

తా.క. జవాబు నా ఆఫీసుకి రాయండి. మీకు రాసినట్టు మా ఆవిడకి తెలియకూడదు.

*

బ్రిడ్జి గది, జూలై 25

హిల్కె బాబుకి,

ఉత్తరం అందింది. ‘అధికారిణి’ అన్నందుకు సంతోషం. మా ఆయన పోయాక ఈ ఉద్యోగంలోకి వచ్చాను. ఇన్నేళ్లలో పడవల వాళ్లు నన్ను చాలా అన్నారు గానీ ఆ మాట ఎవరూ అనలేదు.

మీ కారు తెలుసు. హారను ఇంకా బాగా తెలుసు. నీళ్ల మీద వచ్చేవాడికి బ్రేకులుండవు బాబూ, మీకున్నాయి. అందుకని మిమ్మల్నే ఆపుతాను. మీ మీద కక్షేమీ లేదు.

ఇక మీ డెలివరీ. సరుకేమిటో రాయనేలేదు! బరువెంత? ఏ కంపెనీ వాళ్లు తెస్తున్నారు? పియానో అయితే మాత్రం ముందే చెప్పాలి. పోయినేడాది ఎవరో చెప్పకుండా పియానో పట్టుకొచ్చి నా బ్రిడ్జి పలక ఒకటి విరగ్గొట్టి పోయారు. నచ్చకపోతే వాపసు ఇచ్చే వీలుందేమో కూడా కనుక్కోండి. ఈ రోజుల్లో కంపెనీలు తిరిగి తీసుకుంటున్నాయి.

ఉంటాను,
ఫ్రౌక్యే తల్స్మా

తా.క. పెళ్లానికి చెప్పకుండా ఏది తెప్పించినా ఇట్టే తెలిసిపోతుంది. మా ఆయన ఒకసారి మోటారు సైకిలు తెప్పించి కోళ్లగూడులో దాచాడు. కోళ్లు వచ్చి చెప్పాయి నాకు.

*

పట్నం, జూలై 29

తల్స్మా గారికి నమస్కారాలు.

మీరు వేళాకోళం ఆడుతున్నారని అర్థమైంది. నాకు ఆ ఓపిక లేదు, క్షమించండి. అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను.

బరువు మూడు కిలోలు, మహా అయితే మూడున్నర. కంపెనీ ఏమీ లేదు, మేమిద్దరం కలిసి చేసుకున్నదే. వాపసు మాట దయచేసి ఇంకెప్పుడూ ఎత్తకండి. దీనికోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాం. మా ఆవిడకి తెలియకూడనిది నేను మీకు రాసిన సంగతి. అసలు సంగతి ఆవిడకి తెలియకపోవడమేమిటి, క్రిస్మస్ నుంచి మోస్తున్నదే ఆవిడ!

మీరు సరేనంటే నా గుండె దడ కాస్త తగ్గుతుంది. ఇన్సూరెన్సులో నా పనే ఎక్కడ ఏ ప్రమాదం జరగొచ్చో ఊహించడం. ఆ ఊహలన్నీ ఇప్పుడు మీ బ్రిడ్జి మీదే జరుగుతున్నాయి.

నిద్ర లేని,
హిల్కె బోన్‌స్ట్రా

తా.క. ఈ మధ్య తంతోంది కూడా.

*

బ్రిడ్జి గది, ఆగస్టు 1

బోన్‌స్ట్రా గారికి,

‘బాబు’ అని రాయబుద్ధి కావడం లేదు.

మూడు కిలోల సరుకు కోసమా నేను వారం పాటు కాలవ మూసేయాల్సింది? మూడు కిలోలైతే సైకిలు వెనక కట్టుకుపోవచ్చు కదయ్యా! దాన్ని కట్టుకున్న పెళ్లాం చేత క్రిస్మస్ నుంచి మోయిస్తున్నానని సిగ్గు లేకుండా రాస్తారా? మధ్యమధ్యన కింద పెట్టుకోనిస్తారా, లేక నిద్రలో కూడా మోయాలా? మీకు చేతులు లేవా? హారను కొట్టడానికి మాత్రం ఉన్నాయే! ఆ అమ్మాయి నాకెదురైతే ‘అక్కడే దించేసి పుట్టింటికి పో తల్లీ’ అని చెబుతాను.

కోపంతో,
ఫ్రౌక్యే తల్స్మా

తా.క. కవరు అంటించబోతూ మీ ఉత్తరం మళ్లీ చదివాను. తంతోంది అన్నారు. ఓరి దేవుడా. పైన రాసిందంతా కొట్టివేత. వేరే కాగితం మీద రాద్దామంటే ఉత్తరాలు పంచే సిట్స్కె గుమ్మంలో నిలబడి తొందర పెడుతోంది. ఇంత చదువుకున్నారు, ‘బిడ్డ’ అని రాయడానికి మీకేమొచ్చిందయ్యా?

*

పట్నం, ఆగస్టు 5

తల్స్మా గారికి,

ఏమొచ్చిందో రాస్తాను. ఇది మీ దగ్గరే ఉండనివ్వండి.

ఆ మాట మా ఇంట్లో అనం. రెండుసార్లు అన్నాం. మొదటిసారి ఉయ్యాల కూడా కొన్నాను. రెండుసార్లూ నిలవలేదు. ఈసారి మా ఆవిడ రిన్స్కె ముందే చెప్పింది. ‘అది ఏడ్చేదాకా దానికి పేరొద్దు, బట్టలొద్దు, ఎవరికీ చెప్పొద్దు. ఆశ పెట్టుకుంటే నేను తట్టుకోలేను హిల్కె’ అంది. కోటు వేసుకుని తిరుగుతోంది, ఈ ఎండలో. ఊళ్లో అందరికీ తెలుసు. తెలియనట్టు నటిస్తున్నారు, మంచివాళ్లు.

ఇక్కడ అందరిలాగా ఇంట్లో కందామంటే డాక్టరు వీల్లేదన్నాడు. ‘నొప్పులు మొదలవగానే ఆస్పత్రికి తెచ్చేయాలి, ఆలస్యం పనికిరాదు’ అన్నాడు. ఆ ‘ఆలస్యం’ అన్న మాట దగ్గర నాకు మీ ఎర్రదీపం కనపడింది. అప్పటినుంచి కళ్లు మూసుకున్నా అదే కనపడుతోంది.

అన్నం సయించడం లేదు. పడవలంటే ఒళ్లు మండుతోంది. బొమ్మల పుస్తకంలో పడవ కనపడినా సరే.

మీ దయ కోరే,
హిల్కె

తా.క. ఇవాళ పొద్దున ఒక చొక్కా లేని పెద్దమనిషికి చెయ్యి ఊపాను. ఎందుకైనా మంచిదని.

*

బ్రిడ్జి గది, ఆగస్టు 8

హిల్కె బాబుకి,

మీ ఉత్తరం చదివాక చాలాసేపు పని చేయలేకపోయాను. రెండు పడవలు హారన్లు కొట్టి కొట్టి అలిసిపోయాయి.

వారమంతా మూసెయ్యడం నా వల్ల కాదు. కానీ ఇలా చేద్దాం. ఆ రోజు వచ్చినప్పుడు మీ కారు యాంటెన్నాకి తెల్లగుడ్డ కట్టండి. నా దగ్గర మా ఆయన దుర్భిణి ఉంది, ఇటు మీ ఊరి రోడ్డూ, అటు పట్నం వైపు చర్చి మలుపు దాకా చూడగలను. తెల్లగుడ్డ కనపడిందా, మీరు దాటేదాకా బ్రిడ్జి ఎత్తేది లేదు. రాణీగారే తెడ్డేసుకుంటూ వచ్చినా ఆగవలసిందే. ఇది ఫ్రౌక్యే మాట.

రిన్స్కెని అడిగానని చెప్పకండి. కానీ అడిగాను.

మీ
ఫ్రౌక్యే

తా.క. జేబురుమాలు కట్టేరు, నాకు ఆనదు. టేబుల్ మీద పరిచే దుప్పటి కట్టండి.

*

బ్రిడ్జి గది, ఆగస్టు 19

హిల్కె బాబుకి,

శనివారం జరిగినదానికి మిమ్మల్ని అనాలో నన్ను అనుకోవాలో తెలియడం లేదు.

మధ్యాహ్నం దుర్భిణి ఎత్తానా, మీ ఊరి రోడ్డు మీద ఒక కారు యాంటెన్నాకి తెల్లగుడ్డ! వెంటనే గేటు తెరిచి, కాలవకి ఎర్రదీపం వేసి, పడవలన్నీ ఆపేశాను. ఆ కారు వెనక ఇంకో కారుకీ తెల్లగుడ్డ. దాని వెనక ఇంకోటి. ‘పాపం, చుట్టాలందరూ తోడొస్తున్నారు కాబోలు’ అనుకున్నాను. ముందు కారు గది పక్కకి రాగానే కిటికీలోంచి తల బయటపెట్టి, ‘గట్టిగా ఊపిరి పీల్చుకో తల్లీ! ఇప్పుడే ముక్కకు, ఆస్పత్రి దాకా పట్టుకో!’ అని అరిచాను.

లోపల పెళ్లికూతురు. పక్కన అత్తగారు. ఆ అత్తగారు కోడలి నడుం కేసి చూసిన చూపు నేను బతికుండగా మరచిపోలేను.

ఆగిన పడవలవాళ్లలో ఒకడు కాలవల ఆఫీసుకి ఫిర్యాదు రాశాడు. రాయనీ. మీరు మాత్రం ధైర్యంగా ఉండండి.

ఫ్రౌక్యే

తా.క. పెళ్లిళ్ల సీజను ఇంకా ఉంది. మీ దుప్పటి మీద ఏదైనా గుర్తు పెట్టండి. మరక ఉన్నా చాలు.

*

పట్నం, ఆగస్టు 22

తల్స్మా గారికి,

ఎంతో సిగ్గుపడుతున్నాను. ఆ పెళ్లికూతురి అత్తగారికి ఉత్తరం రాయమంటే రాస్తాను. కాగితం మీద ఆఫీసు ముద్ర ఉంటే నమ్ముతారేమో.

దుప్పటి మీద బీటుదుంపల రసం ఒలకబోశాను. ఇప్పుడది కారు వెనక సీట్లో ఉంది. మొన్న రిన్స్కె చూసి ‘ఇది మా అమ్మ ఇచ్చిన దుప్పటి కదూ?’ అంది. కాదన్నాను. మా పెళ్లయ్యాక ఇది మొదటి అబద్ధం.

బుధవారం ఆవిడ సోఫాలోంచి లేస్తూ ‘అమ్మా’ అంది. నేను కారు స్టార్టు చేసి, దుప్పటి కట్టి, గేటు తీసి వచ్చేసరికి రేడియో వింటోంది. సూది గుచ్చుకుందట. మధ్యాహ్నం భోజనానికి బయటికి వెళ్లడం మానేశాను. ఫోను పక్కనే కూర్చుని రొట్టె నములుతున్నాను. మోగినప్పుడల్లా రొట్టె గొంతుకి అడ్డం పడుతోంది.

హిల్కె

తా.క. ఈ ఉత్తరం రాస్తుండగా కూడా ఒకసారి మోగింది. రాంగ్ నంబరు. అయినా ఆయనతో ‘బయలుదేరుతున్నా’ అన్నాను.

*

చర్చి మలుపు, కారులో, ఆగస్టు 30

తల్స్మా గారికి,

స్టీరింగు మీద కాగితం పెట్టి రాస్తున్నాను. అర్థమైనంత చదువుకోండి. సిట్స్కె ఉత్తరాల సంచీతో సైకిలు మీద మీ వైపే వెళుతుంటే ఆపి ఇస్తున్నాను.

ఫోను వచ్చింది. ‘హిల్కె, మొదలైంది, రా’ అంది, అంతే. దుప్పటి కట్టి పట్నంలోంచి ఎలా బయటపడ్డానో నాకే తెలియదు. చర్చి దగ్గరికొచ్చేసరికి ముందు అన్నీ కార్లే. ఎవరో సెలవులకొచ్చినాయన కారు వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు మీ బ్రిడ్జి దాటాక ఊడి రోడ్డుకి అడ్డం పడిందట. అటూ ఇటూ కదలిక లేదు.

అయినా బ్రిడ్జి దిగే ఉంది, కార్లన్నీ గేటుకి ఇవతలే ఆగాయి. ఒక తెరచాప కొయ్య వచ్చి పక్కన ఆగిపోవడం ఇక్కణ్ణుంచే చూశాను. నా దుప్పటి మీకు కనపడిందన్నమాట! కళ్లు తుడుచుకున్నాను. ఆవిడ మాట మీద నిలబడింది అనుకున్నాను.

మరుక్షణం మీరు బ్రిడ్జి ఎత్తారు.

ఎత్తారు తల్స్మా గారూ! నా కళ్ల ముందు! అరచెయ్యి నొప్పెట్టేదాకా హారను కొట్టాను. ఆ కొయ్య ఊరేగింపులా పోయింది. అది పోయి అరగంట దాటినా నేను ఇక్కడే ఉన్నాను. ఆ పడవని, అందులో ఉన్నవాళ్లని, వాళ్ల ఏడు తరాలని తిట్టాను. అందరికీ వినపడేలా తిట్టాను.

రిన్స్కె వంటింటి కుర్చీలో ఒక్కతీ కూర్చుని ఉంటుంది, కోటు వేసుకుని. కారు వదిలి పరిగెత్తితే ఆమెని దేంట్లో తీసుకురాను? వదలకపోతే ఎప్పటికి చేరను? ఈసారి కూడా ఏమైనా అయితే

ఇక రాయలేను. మీరు మాట తప్పారు.

హిల్కె బోన్‌స్ట్రా

*

బ్రిడ్జి గది, ఇప్పుడే

హిల్కె బాబూ,

ముందు హారను మీద నుంచి చెయ్యి తీయండి. సిట్స్కె సైకిలు దిగకుండా ఒక కాలు నేల మీద ఆనించి నిలబడింది, గబగబా రాస్తున్నాను.

మీ దుప్పటి చూశాను, బీటుదుంప మరకతో సహా. కాలవకి ఎర్రదీపం వేశాను. అప్పుడే ఒక జర్మన్ పడవ వచ్చి ఆగింది. అందులో ఒకాయన రెండు చేతులూ ఊపుతూ ‘ఎత్తండి! ఎత్తండి!’ అని కేకలు. నాకు ఒళ్లు మండింది.

‘ఆగవయ్యా! నీకు సెలవులు, అక్కడొకాయన ప్రాణం మీదికొచ్చింది! పెళ్లాం నొప్పులు పడుతోంది, తీసుకురావడానికి పోతున్నాడు!’ అన్నాను.

ఆయన ఇంకా ఏదో అరిచాడు. ‘నువ్వెంత అరిచినా ఎత్తను, మాటిచ్చాను!’ అన్నాను.

అప్పుడు పడవలోంచి ఒక ఆడమనిషి, కొయ్య పట్టుకుని, కోటు వేసుకుని లేచి నిలబడింది. నా చెవులు చిల్లులు పడేలా అరిచింది.

‘ఆ పెళ్లాన్ని నేనే! ఎత్తండి!’

ఎత్తాను బాబూ. ఈ బ్రిడ్జి అంత వేగంగా లేవగలదని నాకే తెలియదు.

మీకు ఫోను చేసిన కాసేపటికే పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి రోడ్డు మూసుకుపోయిందని చెప్పిందట. మీ ఆఫీసుకి మళ్లీ ఫోను చేస్తే మీరు అప్పటికే బయలుదేరారు. మీ పెరటి వెనక కాలవలో సెలవులకొచ్చిన జర్మన్ దంపతుల పడవ ఉంది కదా, సంచీ పట్టుకుని తిన్నగా వెళ్లి ఎక్కేసి, ‘కాలవ మీదే ఆస్పత్రికి పోనివ్వండి’ అందట. ఆయన పళ్ల డాక్టరు. ముఖం ఆవిడకంటే తెల్లగా పాలిపోయింది. వాళ్లావిడ మాత్రం గట్టిది.

బ్రిడ్జి కింద నుంచి వెళుతున్నప్పుడు మీ హారను వినపడింది. అంత నొప్పిలోనూ రిన్స్కె నవ్వింది. ‘అది మా ఆయనే. కంగారు పడొద్దని చెప్పండి’ అంది. చెబుదామంటే నేను గది వదిలి రాలేను, మీరేమో నన్ను తిట్టే పనిలో ఉన్నారు.

ఆగండి, ఫోను మోగుతోంది.

హిల్కె. ఆస్పత్రి నుంచి. ఏడ్చిందట. గట్టిగా ఏడ్చిందట. నర్సు ఫోను అటు పెడితే నేనూ విన్నాను. ఇద్దరూ క్షేమం. ఆడపిల్లో మగపిల్లాడో రిన్స్కె తనే మీకు చెబుతుందట, నన్ను నోరు మూసుకోమంది. నేను ఏడుస్తూ రాస్తున్నాను, సిరా అలుక్కుపోతే ఏమీ అనుకోకండి.

మీ
ఫ్రౌక్యే

తా.క. మీరు ఇటు రావడం ఆపండి. ఆస్పత్రి మీ వెనకుంది. సిట్స్కె ఈ కబురు దారి పొడవునా ప్రతి కారుకీ చెప్పుకుంటూ వస్తుంది, మిమ్మల్ని దాటి చివరి కారు దాకా వెళ్లి, అప్పుడు తిరిగొచ్చి మీకు ఈ ఉత్తరం ఇస్తుంది. అలా చేయమని నేనే చెప్పాను. ఒకసారి అద్దంలో చూడండి. మీ వెనక కార్లన్నీ పచ్చికలోకి దిగి దారిచ్చి ఉండాలి.

కారు తిప్పు నాయనా.