ఈజిప్టావిడ పోపు

వాల్డార్ఫ్, జర్మనీ

అత్తయ్యగారికి నమస్కారాలు, ఇక్కడ అందరం కులాసా. ఫోనులో చెబితే పక్కనే మీ అబ్బాయి వింటారని కార్డు రాస్తున్నాను.

శనివారం ఒక ఈజిప్టు హోటలుకి వెళ్ళాం. ఇంటిల్లిపాదీ కలిసి నడుపుకునే చిన్న హోటలు. ఆకుకూర పులుసులాంటిది తెచ్చి, ఆ ఇంటావిడ మా బల్ల దగ్గరే నేతిలో వేగిన వెల్లుల్లి, ధనియాల పోపు చుయ్యిమని పోసింది. మీ అబ్బాయి కళ్ళు మూసుకుని, "అచ్చం మా అమ్మ పోపే!" అన్నారు. మారు వడ్డించుకుని మరీ తిన్నారు. అబద్ధమెందుకు, ఆవిడని చూసి కుళ్ళుకున్నాను. ఆఫీసు కోటుకి వాసన పడుతుందని, పొగకి అలారం మోగుతుందని ఇంట్లో నన్ను పోపే పెట్టనివ్వని మనిషి! వచ్చిన దగ్గర్నుంచీ చప్పిడి పప్పు వండి మాటలు పడుతున్నది నేను.

మీ మోకాలి నొప్పి తగ్గిందా? మావయ్యగారు షుగరు బిళ్ళ మానకుండా వేసుకుంటున్నారా? మా చెల్లెలు హారిక వచ్చేటప్పుడు ఇంగువ, ఎండుమిరపకాయలు ఇచ్చి పంపండి.

అసలు సంగతి చెప్పలేదు. నిన్న ఆయన కోటుని కింద కెల్లర్‌లో, అంటే నేలమాళిగలో, తగిలించి వచ్చి, కిటికీలన్నీ తీసి, మీరు నేర్పినట్టే పప్పులో పోపు పెట్టాను. గిన్నె ఊడ్చేశారు. ఏమన్నారో తెలుసా? "అచ్చం ఆ ఈజిప్టావిడ పోపులా ఉందే!" అని.

మావయ్యగారికి నమస్కారాలు. నన్ను దీవించండి. మీ అబ్బాయిని మాత్రం ముందు నాలుగు తిట్టి, ఆ తర్వాత దీవించండి.

మీ కోడలు
రాజ్యశ్రీ