రాకాసి గుండ్లకు పసుపు

అబిడ్స్

అమ్మా, నేను బాగున్నాను. నీ ఫోన్ కలవక కార్డు రాస్తున్నాను.

మన చెలక పక్కన గుండ్రంగా ఉన్న రాకాసి గుండ్లు బృహత్ శిలాయుగపు సమాధులని మా సార్ చెప్పారు. ఎంత బరువైన మాట! మన ఊళ్లో కట్టబోయే ఫ్యాక్టరీ కోసం వాటినీ చదును చేస్తారన్న భయంతో నాంపల్లి పురావస్తు ఆఫీసులో అర్జీ ఇచ్చాను.

"మావోళ్లు వచ్చి చూసేదాంక నెల పడ్తది బిడ్డా. జేసీబీ గన్ని రోజులు ఆగుతదా?" అన్నాడు గుమాస్తా.

కార్డు అందగానే నువ్వూ పెద్దమ్మా వెళ్లి ప్రతి గుండుకూ పసుపు పూసి బొట్టు పెట్టండి. నా అర్జీకి ఆగని డ్రైవరు బొట్టు పెట్టిన రాయిని చూస్తే ఆగుతాడు. తమ్ముణ్ణి లంకెబిందెలంటూ అక్కడ తవ్వనియ్యకు.

నాన్న దగ్గు తగ్గిందా? ఇంట్లో ఉన్న పసుపంతా గుండ్లకే వాడు. కూరలోకి నేను బేగం బజార్ నుంచి తెస్తాను.

పెద్దమ్మకు దండాలు.

నీ బిడ్డ,
ప్రణవి