రెండు మేళాల ఆయాసం

నంద్యాల,
1979 ఫిబ్రవరి

ఆళ్లగడ్డ బ్యాండుమేళం యజమాని ఓబులేసన్నకు, నంద్యాల బ్యాండుమేళం ప్రభుదాసు నమస్కరించి రాయునది. ప్రభువు కృపవల్ల ఇక్కడ అందరం క్షేమం, నా ఉబ్బసం తప్ప.

అవుకు పెళ్లిపెద్ద వచ్చి, “ఆళ్లగడ్డోళ్లు పెళ్లికొడుకు మెరవణికి గుర్రాన్ని ఉత్తగానే తెస్తామన్నారప్పా. నువ్వేందిస్తావ్?” అన్నాడు. బేరం పోతుందని నేనూ గుర్రాన్ని తెచ్చాను. డోలు దెబ్బకు అది బెదిరి, పెళ్లికొడుకుతో సహా చెరువు దారి పట్టింది. డాక్టరేమో నన్ను క్లారినెట్టు ఊదడం మానమంటాడు. మానితే ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ నీవే. నన్ను నమ్ముకున్న మేళగాళ్లు ఏం తినాలి? ఊదడం ఎటూ తప్పదు, ఈ ఉచితాలన్నా ఆపు. నాకు ఓపిక లేదన్నా.

ఇట్లు,
ఆయాసపడుతూ,
ప్రభుదాసు

తా.క.: పెళ్లికొడుకు తిరిగొచ్చాడు. గుర్రం ఇంకా రాలేదు.

ఆళ్లగడ్డ,
1979 ఫిబ్రవరి

ప్రభుదాసప్పకు ఓబులేసు నమస్కారాలు. అహోబిలేశుని దయవల్ల బాగున్నాం, నిద్ర ఒకటే కరువు.

నా దగ్గర గుర్రం ఎక్కడిదప్పా? నీ దగ్గరికంటే ముందు ఆ పెద్దమనిషి నా దగ్గరికే వచ్చాడు. “నంద్యాల మేళంతో పులివేషం ఉత్తగా వస్తాందంట” అన్నాడు. నిజమేననుకుని నేనొక పులివేషగాణ్ణి కుదిర్చాను. పెళ్లి బేరం నీకు దక్కింది, పులి నాకు మిగిలింది.

ఇద్దరం ఉచితాలు మానేద్దాం. ఎవడేం చెప్పినా, బేరం ఒప్పుకుని తాంబూలం పుచ్చుకునే ముందు ఒకరికొకరం కార్డు రాసి నిజం కనుక్కుందాం.

ఇట్లు,
మాట తప్పని
ఓబులేసు

తా.క.: పులికి పూసిన రంగు వదలడం లేదు. వాళ్లావిడ ఇంట్లోకి రానివ్వక, మా వసారాలోనే పడుకుంటున్నాడు.

నంద్యాల,
1979 మే

ఓబులేసుకు ప్రభుదాసు రాయునది. ఈసారి అన్నా అనడం లేదు, గమనించు.

కొత్తపల్లె వాళ్లు వస్తే, మాట ప్రకారం గుర్రమూ లేదు, పులీ లేదు అన్నాను. నీకు కార్డు రాశాను. నీ జవాబు వచ్చేసరికి ఆ పెళ్లి అయిపోయింది. అందులో నీ పులులు రెండు ఎగిరాయి. “నువ్వొక పులినిస్తాండావని వాళ్లే చెప్పిరి, అందుకే నేను రెండు పెడితి. కార్డు కోసం ఆగితే ముహూర్తం ఆగుతాదా?” అని రాశావు.

నేను మేళం మూసేశాను. డోళ్లు అమ్మేశాను. ఇక అంతా నీదే. ఊదుకో.

ఇట్లు,
నీకో దండం పెట్టి,
ప్రభుదాసు

తా.క.: క్లారినెట్టు మాత్రం అమ్మలేదు. నా భార్య కృపావతి దాన్ని పొయ్యి ఊదడానికి అడుగుతోంది.

ఆళ్లగడ్డ,
1980 మార్చి

ప్రభుదాసప్పకు ఓబులేసు వేయి నమస్కారాలు.

నువ్వు పోతే నేనే రాజుననుకున్నాను. ఒక్కడూ రావడం లేదు. నీ పేరు చెప్పి నన్ను బెదిరిస్తేనే పెళ్లివాళ్లకు బేరం రుచిగా ఉండేది. ఇప్పుడు అందరూ నంద్యాల నుంచి ఎవరిదో మైకు సెట్టు తెచ్చుకుని రికార్డులు వేయించుకుంటున్నారు. పెట్టెకు అన్నం పెట్టే పని లేదు కదా.

మళ్లీ మేళం కట్టప్పా. ఇద్దరం కలిసి ఆ మైకువాడి అంతు చూద్దాం.

ఇట్లు,
నీ రాక కోసం కాచుకున్న
ఓబులేసు

తా.క.: ఆ మైకువాడు ఎవరో తెలిస్తే రాయి. తిట్టడానికి పేరు లేక ఇబ్బందిగా ఉంది.

నంద్యాల,
1980 ఏప్రిల్

ఓబులేసన్నకు ప్రభుదాసు నమస్కరించి రాయునది.

నా పేరే పెట్టుకుని తిట్టు. ఆ మైకు సెట్టు నాదే. చెబితే మర్నాడే నువ్వూ కొంటావని చెప్పలేదు. పాత మేళగాళ్లే మైకు గొట్టాలు కడతారు, నేను కుర్చీలో కూర్చుని రికార్డు మారుస్తాను. ఉబ్బసం నెమ్మదించింది. కొన్నాళ్లు సుఖపడ్డాను.

మొన్న యాగంటి వైపు నుంచి ఒకాయన వచ్చి, “ఆళ్లగడ్డలో కొత్త మైకు సెట్టాయన సీరియల్ లైట్లు ఉత్తగానే వేస్తాండాడు” అన్నాడు. ఈసారి నమ్మలేదు. కళ్లారా చూద్దామని నిన్న మీ ఊరి పెళ్లికి పిలవకపోయినా వచ్చాను. పందిరి నిండా లైట్లు. సెట్టు పక్క కుర్చీలో నువ్వు. నన్ను మళ్లీ మేళం కట్టి ఊదమని రాసి, నువ్వు ఈ పని చేశావన్నమాట.

కోపం తెచ్చుకుందామంటే అదీ రాలేదు. నేనూ చేసింది అదే కదా. వచ్చేదారిలో కొట్లో నాకూ లైట్లు కావాలని చెప్పి వచ్చాను. ఏం చేస్తాం, రేపటి నుంచి నేనూ ఉత్తగానే వేస్తాను.

ఇట్లు,
ప్రభుదాసు

తా.క.: నేను వచ్చేసరికి నువ్వు నోరు తెరిచి నిద్రపోతున్నావు. సూది గీతలో చిక్కుకుని, రికార్డు ఒక్క ముక్కే తిరిగి తిరిగి పాడుతోంది. సూది జరిపి వచ్చాను. నిన్ను లేపలేదు.